బుడగలు

బైపాస్ పడకముందు
హైదరాబాదు రోడ్డు నకిరేకల్ నడిమి నుంచే పోయేది.
బంకు ఎదురుంగ మా నాయిన జానయ్య పంచర్ డబ్బా.
సగానికి కోసిన డ్రమ్ముల నల్లటి నీళ్లు.
గాలి కొట్టిన ట్యూబును అండ్ల ముంచి
సెవి ఒగ్గేటోడు.
“సూసుడు తర్వాత బిడ్డా, ముందు ఇను.”
బుడగ లేసిన కాడ బొటనేలు అదిమి
అప్పుడు తలెత్తేటోడు లారీ డ్రైవర్ దిక్కు:
యాడికెల్లి వస్తున్నవ్? తిన్నవా?

డాక్టరైనంక చందంపేటల మూడేండ్లు.
ఒక్క ఫ్రిజ్జు, కరెంటు ఉంటే నడిచేది,
దాంట్ల పాము మందు ఆరు సీసాలు.
తండాల నుంచి మంచంతో సహా మోసుకొచ్చేటోళ్లు.
ఒకాయన కరిచిన పామును గూడ సంచిల తెచ్చిండు,
సంచి విప్పితే అది సావలేదు.
ఎస్తేరు సిస్టరు కుర్చీ ఎక్కింది, నేను బల్ల ఎక్కిన,
పేషెంటే మంచం దిగి కట్టెతోని కొట్టిండు.
ఆ పొద్దు ఆరు సీసాలూ ఆయనకే పోయినయ్.

పీజీ అప్పుడు మా మేనమామ అన్నడు:
కండ్ల డాక్టర్వు గా, రాత్రి నిద్రుంటది.
ఎమర్జెన్సీ అంటే పెద్ద డాక్టరు వచ్చేదాంక
తలుపుకాడ నిలబడుడే గదా.
ఔ మామా, తలుపుకాడనే.
ఆడ ఎవలో ఒకలు ఉండాలె గదా.

మా దిక్కు మందంటే మూడు:
నయం చేసేది, నిషా ఎక్కేది, పత్తికి కొట్టేది.
“మందు తాగింది డాక్టరమ్మా” అని ఆటో దించితే
ఏ మందో వాసనే చెప్తది.
నల్లగొండకొచ్చిన మొదటేడు అడిగేదాన్ని, ఎందుకు తాగినవ్ అని.
కనగల్ కాడి అలివేలు
ముక్కుల పైపు ఉండంగనే నా దిక్కు సూసింది.
ఆ సూపుకు ఆ మాట మానేసిన.
ఇప్పుడు ఎప్పుడు, ఎంత, డబ్బా ఏది. గంతే.
ఎందుకు అన్నది మూడోనాడు,
చాయి తాగుకుంట ఆమె చెప్తే వింట.
చెప్పకున్నా కప్పు కడిగి పెడ్త.

అందర్నీ ఆపలేను.
చిట్యాల మిల్లుల పనిచేసే పిలగాడు,
హెల్మెట్ బండి హ్యాండిల్‌కు తగిలిచ్చే ఉన్నదట.
నలభై నిమిషాలు ఛాతి నొక్కినం, చేతులు మార్సుకుంట.
వాళ్లమ్మకు నిలబడి చెప్పలే.
చెప్పులు ఇడిచి నేల మీద కూసున్న,
ఆమె మోకాలికి నా మోకాలు తగిలేటట్టు.
‘పోయిండు’ అంటే యాడికని అడుగుతది,
‘ఇగ లేడు’ అంటే పై వార్డుల ఉన్నడా అంటది.
సచ్చిపోయిండమ్మా అన్న.
ఆ మాట అన్నంక ఇంకో మాట లేదు.
చెయ్యి మాత్రం తియ్యలే.

మొన్న శాలిగౌరారం బుచ్చిరాములు
మోకు తెగి తాడు మీదికెల్లి పడ్డడు.
ఊపిరందక కండ్లు తేలేసిండు,
ఎక్సరేకు పంపే టైము లేదు.
ఎడమ పక్క స్టెతస్కోపు పెట్టి విన్న.
ఏమీ లేదు.
సూది గుచ్చితే బుస్సుమన్నది,
టైరు వాల్వు విప్పినట్టు.
పక్కటెముకల నడిమి పైపు, పైపు కొస సీసా నీళ్లల్ల.
బుడగలు.

ఆ రాత్రి టిఫిను గిన్నె తెచ్చిన నాయిన
అద్దం తలుపు అవతల నిలబడి
“గిది మన డ్రమ్మే గదనే” అన్నడు.
నాలుగొద్దులు రోజూ వచ్చిండు,
బుచ్చిరాములు మంచం కాడ, సీసా దిక్కు సెవి ఒగ్గి.
ఐదోనాడు బుడగలు ఆగినయ్.
“అతికింది” అన్నడు, నా కంటె ముందే.

తెల్లారి ఐదుంబావు. కట్టంగూరు నుంచి అంబులెన్సు.
స్ట్రెచరు చక్రం ఒకటి కిర్రుమంటది,
ఎన్నిసార్లు చెప్పినా నూనె పెట్టరు.
ముసలాయన, మొహం నిండ రక్తం, మట్టి.
నా చేతులు పని మీదున్నయ్, నోరు ఖాళీనే:
పెద్దయ్యా, నీ పేరేంది? యాడికెల్లి వస్తున్నవ్?
తిన్నవా?
మత్తు డాక్టరు కూడ ఇదే అడుగుతడు, షీట్ల రాసుకుంటడు.
నేను అందుకోసమే అడగలే.

“నిన్న పొద్దుగాల, బిడ్డా.
రెండు బత్తాయిలు.”